ఇళ్లకు వేషం కట్టే సీన్ల మామ

పెనుకొండలో ఆ ఇంటి గడప దాటీ దాటకముందే నాకు నవ్వు ఆగలేదు. మా చెల్లెలు ఇల్లు కొనాలని తిరుగుతోంది. తోడు రమ్మంటే హిందూపురం నుంచి పోయాను. బయట చెప్పులు విడుస్తుండగానే లోపల ఆవాలు చిటపటమన్నాయి. హాల్లో చాప, చాప మీద చాట, చాటలో సగం వలిచిన శనక్కాయలు. వలిచే మనిషి ఇప్పుడే లేచి లోపలికి పోయినట్టుంది. కిటికీ పక్కన పసుపు బల్బు వెలుగుతోంది. దాని కింద బంగారు రంగు పూసిన చేతుల కుర్చీ, ఒక కాలికి నీలిగుడ్డ చుట్టి ఉంది.

ఆ కుర్చీని నేను గుర్తుపట్టకపోవడమా! కొన్నాళ్లు మా ఇంట్లో రాజ్యమేలిన కుర్చీ అది.

"ఇది సీన్ల మామ కుర్చీ కదన్నా?" అన్నాను ఇంటాయనతో.

ఆయన మొహం దొంగతనం చేస్తూ దొరికినట్టయింది. మా చెల్లెలు వంటగదిలోకి పోయిందని చూసుకుని, గొంతు తగ్గించి, "నీకెట్ల తెలుసమ్మా? ఆయప్ప పోయి ఏడాది దాటె. కుర్చీ మాత్రం అమ్మే ఇంటి నుంచి అమ్మే ఇంటికి తిరుగుతానే ఉండాది. అడిగినోళ్లకు వాళ్ల పాప ఇస్తాది" అన్నాడు.

పోయాడని నాకు తెలియదు. కానీ ఆ తాలింపు వాసనలో నిలబడి ఆయన కోసం ఏడవడం ఎవరి వల్లా కాదు. వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. మా చెల్లెలు పెరడూ మిద్దే చూసి వచ్చేలోగా ధర్మవరంలో మేం అమ్మిన ఇల్లు, ఆ జ్యేష్ఠమాసం, ఆయన కేకలు అన్నీ నా చుట్టూ చేరిపోయాయి.

ఆయనకు ఒక పేరు ఉండే ఉంటుంది. మేమెవరమూ అడగలేదు. రొళ్ల ఊరి దిక్కు మనిషి, పెనుకొండలో కూతురింట్లో ఉండేవాడు. ఒకప్పుడు ఊరూరా ఆడే పౌరాణిక నాటకాలకు సీన్ల పరదాలు, సింహాసనాలు, కిరీటాలు అద్దెకిచ్చి, తానే పోయి కట్టి వచ్చేవాడు. నాటకాలు తగ్గాక ఆ సామాను ఇళ్లకు కట్టడం మొదలుపెట్టాడు. అమ్మకానికి పెట్టిన ఇల్లు ఎంతకూ కదలకపోతే జనం ఆయనకు కబురు పెట్టేవాళ్లు. దీన్ని ఇప్పుడు బెంగుళూరులో ఇంగ్లీషు పేరు పెట్టి పెద్ద పెద్ద కంపెనీలు చేస్తున్నాయట. మా సీన్ల మామ దగ్గర ఉన్నదల్లా ఒక ట్రంకుపెట్టె, ఆ కుర్చీ, ఆ గొంతు.

గొంతు గురించి చెప్పాలి. మైకుల్లేని రోజుల్లో పెరిగిన గొంతు. గుసగుసలాడినా చివరి వరుసలో కూర్చున్నవాడికి వినిపించాలనే పద్ధతిలో మాట్లాడేవాడు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ఎదురుగా ఉండగానే నా చెవి దగ్గరికి వంగి, "పాపా, ఆ గోడ కాడికి పోనీయొద్దు" అంటే వీధిలో పోతున్నవాళ్లు కూడా ఆగి ఏ గోడ అని చూసేవాళ్లు.

మాకు ఆయనతో పని పడింది ఎందుకంటే, మా ఆయనకు హిందూపురంలో ఉద్యోగం వచ్చింది. రోజూ తెల్లవారుజామున రైలెక్కి పోయి, పొద్దుపోయాక వాడిపోయిన తోటకూర కాడలా తిరిగొచ్చేవాడు. హిందూపురంలో ఒక ఇల్లు నచ్చితే అడ్వాన్సు ఇచ్చేశాం. ధర్మవరం ఇల్లు అమ్మితే తప్ప దాన్ని రిజిస్టరు చేయించుకోలేం. ఆ ఇంటాయన జ్యేష్ఠం వెళ్లేదాకా ఆగుతానన్నాడు, అంతకు మించి ఒక్క పూట కూడా ఆగనన్నాడు. ఆషాఢం వస్తే ఇల్లు కొనేవాడు సరే, చూసేవాడు కూడా దొరకడు. అప్పుడు హిందూపురం ఇల్లూ పోతుంది, ఇచ్చిన అడ్వాన్సూ పోతుంది.

మా ఇల్లు చూస్తే నేతగాళ్ల వీధిలో పాత మిద్దె. పడమటి గోడకు చెమ్మ. హాలు మధ్యలో మా మామగారు కాళ్లు దించి కూర్చుని నేసిన మగ్గం గుంత. మగ్గం ఎప్పుడో పోయింది. గుంత మీద చెక్కలు పరిచి మంచం వేసుకున్నాం. వచ్చిన ఒక ఆఫీసరు భార్య ఆ చెక్కల సందులోంచి తొంగిచూసి, "హాల్లో గొయ్యేంటండీ, పిల్లలు పడరూ?" అని, ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు చెమ్మ చూసి ముక్కు మూసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. మా ఆయన ఎవరో చెప్తే విని సీన్ల మామకు ఫోన్ చేశాడు.

వచ్చినవాడు లోపలికి రాలేదు. వీధిలో నిలబడి, రెండు చేతులూ కళ్లకు ఇరువైపులా దడిలా పెట్టుకుని, మా వాకిలిని చూస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. ఎదురింటి వాళ్ల మోటారు సైకిలు తగిలి, అది పడి, దాని మీద తానూ పడి, లేవకుండానే, "పరదా ఎత్తినట్ల ఉండాదిరా వాకిలి! ఎవరప్పా ఈ ఇల్లు అమ్ముడు పోదనింది?" అని అరిచాడు. సన్నగా, పొడుగ్గా, జుట్టుకు నిగనిగలాడే నల్లరంగు. అమ్మలక్కలంతా బయటికొచ్చేశారు. నెలరోజులుగా దిగులుతో కూర్చున్న మా ఇంట్లో ఆ కేకతో పెళ్లిచూపుల సందడి మొదలైంది.

ముందు ట్యూబులైట్లు పీకించాడు. "ట్యూబులైటు కింద రాణిని నిలబెట్టినా దయ్యం మాదిరి కనపడుతాది. పసుపు బల్బులు తే అల్లుడా, బిరీన, పరుగెత్తు." మా ఆయన ఆయనకు అల్లుడు ఎప్పుడయ్యాడో మాకే తెలియదు. చెమ్మ గోడకు తన దర్బారు పరదాను తిరగేసి కట్టాడు. స్తంభాలూ తోరణాలూ గోడ వైపు పోయి, మాకు నీలిరంగు వెనకభాగం కనిపించింది. చూస్తే ఎవరో గొప్పింటి వాళ్లు ఇష్టపడి వేయించుకున్న తెర అనుకుంటారు. చెక్కల మీద లినోలియం పరిచి, దాని మీద మంచం, మంచం మీద పక్కింటి వాళ్ల పట్టు దుప్పటి. వాకిట్లో తులసికోట కూడా పక్కింటిదే. ఇత్తడి బిందెలు ఆ పక్కింటివి.

"అబద్ధం కాదా మామా ఇదంతా?" అన్నాను.

ఆయనకు కోపమొచ్చింది. "నోటితో చెప్తే అబద్ధం పాపా. పరదా కడితే సీను. ఆ రెండూ ఒకటంటే నేను ఇప్పుడే పెట్టె సర్దుకొని పోతా." పెట్టె మూత కూడా వేశాడు. మరమరాల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టేదాకా మళ్లీ తెరవలేదు.

ఆయన సూత్రాలన్నీ ఇట్లా బజ్జీలు తింటూ చెప్పినవే. ఇల్లు చూపించే వేళకు ఇంట్లో ఏదో ఒక పని సగంలో ఉండాలి. "పని అంతా అయిపోయిన ఇంట్లో వచ్చినోడు ఏం చేయల్ల? కూర్చుని నిద్రపోవల్లా? చాటలో సగం శనక్కాయలు ఉంటే మిగిలినవి వలుద్దామని వాని చేతులు పీకుతాయి." తాలింపు వాసన రావాలి గానీ పాలు మాత్రం పొయ్యి మీద కనిపించకూడదు. పాలు పొంగించడం కొనేవాళ్ల హక్కు. అది వాళ్లకు వదిలేయాలి. ఇంట్లో ఒక పెద్దమనిషి కూర్చుని ఉండాలి. పెద్దదిక్కు లేని ఇంటిని ఎవరూ నమ్మరు. మా ఆయన తల్లిదండ్రులు పోయారు, నా వైపు వాళ్లు దూరం. ఆ సంగతి తెలిసి, బంగారు కుర్చీ కిటికీ దగ్గర వేయించుకుని, తలపాగా చుట్టుకుని, ఆ వేషం తానే కట్టాడు. అడిగితే మా ఆయనకు మేనమామ అని చెప్పాలి. అది నోటితో చెప్పే అబద్ధం కాదా అని నేను అడగలేదు. బజ్జీల పిండి అయిపోయింది.

మా ఆయనకు డైలాగులు నేర్పించాడు. "ఎండాకాలం కూడా ఈ గదిలో ఫ్యాను పని లేదు" అనేది ముఖ్యమైనది. మా ఆయన దాన్ని ఇన్‌స్పెక్టరు ముందు పద్యం అప్పజెప్పే పిల్లవాడిలా చేతులు కట్టుకుని చెప్పేవాడు. "అట్ల కాదు అల్లుడా! గోడకు ఆనుకొని, పై గుడ్డతో మొహం తుడుచుకుంటా చెప్పల్ల," అని ఆయన చేసి చూపించేవాడు. మొహం తుడుచుకుంటే ఉక్క పోస్తోందనుకుంటారు కదా అని నేనంటే, "సుమ్మనే ఉండు పాపా, నువ్వు తాలింపు చూసుకో" అనేవాడు.

తాలింపుకు సైగ ఆయన దగ్గు. వీధి మలుపులో జనం కనబడగానే కుర్చీలోంచి ఒక దగ్గు దగ్గుతాడు, నేను ఆవాలూ ఎండుమిరపకాయలూ నూనెలో వేయాలి. మొదటిసారి చూపించిన రోజు ఆయనకు వక్కపలుకు గొంతుకు అడ్డం పడి నిజంగానే దగ్గు పట్టుకుంది. దగ్గిన ప్రతిసారీ నేను వేస్తూ పోయాను. కొనేవాళ్లు వచ్చేసరికి ఇల్లంతా మిరపకాయ ఘాటు. వాళ్లు తుమ్మారు, మేం తుమ్మాం, కళ్లనీళ్లు కారుతుండగా మా ఆయన "ఎండాకాలం కూడా..." అని మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాడు. వాళ్లు పోయాక ముగ్గురం నేలమీద పడి నవ్వాం. అంత నవ్వి ఎన్నాళ్లయిందో! హిందూపురం ఇల్లు చేజారిపోతోందని తెలిసి కూడా నవ్వాం.

జ్యేష్ఠం చివరి రోజులకు వచ్చింది. అప్పుడొచ్చారు కొత్తచెరువు దగ్గరి పల్లె నుంచి ఒక ముసలాయన, ఆయన కొడుకు, కోడలు. ముసలాయన భుజాన కంబళి. గొర్రెల మందను అమ్మేసి కొడుకుకు ఇల్లు కొనిపెట్టాలని వచ్చాడు. కొడుకూ కోడలూ ధర్మవరంలోనే ఎవరి దగ్గరో కూలికి నేస్తున్నారు. ఆ పిల్ల చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం ఉంది. అదేమిటో మాకు అప్పుడు తెలియదు.

ఆ పూట సీను పండినట్టు ఎప్పుడూ పండలేదు. దగ్గు సరిగ్గా వచ్చింది, ఆవాలు సరిగ్గా చిటపటమన్నాయి. మా ఆయన గోడకు ఆనుకొని డైలాగు తడబడకుండా చెప్పాడు. నేను వంటగది తలుపు సందులోంచి చూస్తున్నాను. ముసలాయన ఇల్లు ఒకసారి అలా తిరిగి, నేరుగా వచ్చి బంగారు కుర్చీ ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. చాటలోని శనక్కాయలు తీసుకుని వలవడం మొదలుపెట్టాడు! వానల గురించి మాట్లాడుకున్నారు. గొర్రెల రోగాల గురించి మాట్లాడుకున్నారు. ముసలాయనకు ఇంటికంటే ఇంటి పెద్దమనిషి ఎక్కువ నచ్చాడు.

"నీ మాదిరి మనిషి ఉండే ఇల్లంటే ఇంగేం చూసే పని లేదు బావా," అన్నాడు చివరికి. "ఈ పొద్దు దినం మంచిదని అడిగే వచ్చినాం. ఏమ్మా, పళ్లెం తే."

కోడలు గుడ్డ తీసింది. వక్కాకు, టెంకాయ, పసుపు కుంకుమలు, మధ్యలో అడ్వాన్సు. ముసలాయన లేచి, పళ్లెం రెండు చేతులా పట్టుకుని, ఇంటి పెద్దగా సీన్ల మామ ముందు చాచాడు. మా ఆయన నా వైపు చూశాడు. అయిపోయింది, హిందూపురం ఇల్లు మాదే అనుకున్నాను. గట్టిగా కేకేయాలనిపించింది.

సీన్ల మామ చేతులు చాచలేదు. కుర్చీలోంచి లేచాడు. తలపాగా విప్పి కుర్చీ మీద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"నేను పట్టకూడదు బావా. నేను ఈళ్లకు మామను కాను. ఈళ్లు పిలిపించుకుంటే వచ్చిన వేషగాణ్ణి. మా నాటకాల్లో ఒక కట్టుబాటు ఉండాది. ఊర్లో ఎవరన్నా చదివింపులు తెస్తే, రాజు కిరీటం తీసి పక్కన పెట్టినాకనే చెయ్యి చాపుతాడు. వేషంలో ఉండి నిజమైన తాంబూలం పట్టినోడు మళ్లా రంగు పూసుకోకూడదంటారు."

ముసలాయన పళ్లెం వెనక్కి తీసుకుని కోడలి చేతికిచ్చాడు. గోడల వైపు, బిందెల వైపు మెల్లగా చూశాడు.

"అట్లయితే ఈ ఇంట్లో ఇంగా ఏమేమి వేషాలు కట్టినారప్పా?"

నాకు సీన్ల మామ మీద ఎంత కోపమొచ్చిందంటే, చేతిలో గరిటె ఉంటే విసిరేసేదాన్ని. ఇన్నాళ్లూ పరదా కడితే సీను అన్న మనిషికి, ఇప్పుడే, ఈ గడియలోనే కట్టుబాటు గుర్తుకు రావాలా! ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఏం పోయింది?

కానీ ఆయన కళ్లు మెరుస్తున్నాయి. వీధిలో మోటారు సైకిలు మీద పడినప్పటి మెరుపే. "చూస్తావా బావా? పరదా ముందర చూసినావు. ఎనక ఏముండాదో అది కూడా చూసి పో!" అని ముసలాయన చెయ్యి పట్టి లాక్కుపోయాడు.

గోడ దగ్గర తాడు లాగాడు. నీలి పరదా జారి తిరగబడి నేలమీద పరుచుకుంది. దర్బారు స్తంభాలు, తోరణాలు, నెమళ్లు మా హాలంతా నిండిపోయాయి. "ఇదో చెమ్మ! మిద్దె మీద తూము పూడిపోయినాది, నీళ్లు ఈ మూలకు దిగుతాండాయి. తూము తీయించుకుంటే మేలు. తీయించుకోకపోతే నేనేం జేయల్ల?" వంటింట్లోకి దూకాడు. "ఈ బిందెలు పక్కింటివి. ఆ దుప్పటి పక్కింటిది. తులసమ్మ కూడా పక్కింటిదే. కుళాయి దినాం రాదు. ఎప్పుడొస్తాదో ఆ దేవునికే తెలుసు. నువ్వు వలుస్తాండే శనక్కాయలు నావి." ఒక్కొక్కటి విప్పుతుంటే ఆయన గొంతు ఇంకా ఇంకా లేస్తోంది. సీను కట్టేటప్పుడు కూడా అంత ఉత్సాహం నేను చూడలేదు. వాకిట్లో వీధి జనమంతా గుమిగూడారు. నేను చూపు తిప్పుకోలేకపోయాను.

చివరికి మంచం పక్కకు లాగాడు. లినోలియం చుట్టేశాడు. చెక్కలు ఎత్తి గోడకు ఆనించాడు. అప్పుడు మొదటిసారి ఆయన గొంతు నిజంగా తగ్గింది.

"ఇదొకటి ఉండాది బావా. హాల్లో గుంత. దీనికి మటుకు ఏ సీనూ పనికి రాలేదు."

అంతదాకా ఒక్క మాట మాట్లాడని ఆ పిల్ల ముందుకొచ్చింది. పళ్లెం మామగారి చేతికిచ్చి, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, గుంత అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించింది. ఆ లోతు చూసుకుంది. లేని మగ్గం పలకలను ఒక పాదం తర్వాత ఒక పాదంతో తొక్కింది. చేతులు వాటంతట అవే ముందుకు పోయి, లేని దారాన్ని లాగాయి. ఆమె భర్త పక్కన గొంతుక్కూర్చుని, తల ఎత్తి పైకప్పును చూశాడు. మగ్గం పైన అంచు పూలు నేయించే జకార్డు పెట్టె పెట్టడానికి కావలసినంత ఎత్తుంది.

"సరిపోయినాది," అంది ఆ పిల్ల. "ఎన్ని ఇండ్లు చూస్తిమి! అందరూ గుంతలు పూడ్చి టైల్సు ఏసుకున్నారు. మేమే తవ్వుకోవల్లేమో అనుకుంటిమి. ఇంత మంచి గుంతను ఏంటికి మూసినారక్కా?"

ఆమె అడిగింది నన్ను. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. మా ఆయన గోడకు ఆనుకోకుండా, మొహం తుడుచుకోకుండా, "అది మా నాయన తవ్వుకున్న గుంతమ్మా," అన్నాడు. సీన్ల మామ నేర్పకుండా ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

ముసలాయన కొడుకు మొహం చూశాడు, కోడలి కాళ్లు చూశాడు. కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత పళ్లెం మళ్లీ పైకెత్తి మా ఆయన ముందుకు చాచాడు. మా ఆయన అందుకోకుండా సీన్ల మామ వైపు తిరిగాడు.

"మా ఇంట్లో పెద్దాయన ఆయనే."

"వద్దు అల్లుడా," అని సీన్ల మామ వెనక్కి జరిగాడు. నేలమీద పరుచుకున్న దర్బారు మీద నిలబడ్డాడు. తల మీద తలపాగా లేదు. చెక్కలు మోసిన చేతులకు, జుట్టుకు, మీసాలకు దుమ్ము.

గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న పిల్ల తలెత్తి ఆయన్ను చూసి నవ్వింది.

"వేషమంతా ఇప్పేసినావు కదా పెదనాయనా. ఇప్పుడు పట్టొచ్చు."

వాకిట్లో జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. మాట్లాడాలని నోరు తెరిచాడు, ఊరంతటికీ వినిపించే ఆ గొంతు పెగల్లేదు. నేనే ఉండబట్టలేక, "తీసుకో మామా, బిరీన! ఆషాఢం వచ్చేస్తాది!" అని అరిచాను.

ఆయన చేతులు రెండూ పంచెకు గట్టిగా తుడుచుకుని, ముందుకు చాచాడు.